చెవి వెనక కుట్లు

1993 నవంబర్ 8, సోమవారం. మధ్యాహ్నం రెండూ పదికి మస్కట్‌లోని ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో, పధ్నాలుగో నంబరు మంచం మీద లింబాద్రి ఎడమ చెవి వెనక జుట్టు గీసేశారు. ఆపరేషన్ మర్నాడు ఉదయం ఎనిమిదికి.

ఇంతవరకు తెలిసినవి ఇవి. లింబాద్రిది కోరుట్ల దగ్గర పల్లె. వయసు ముప్పై నాలుగు. అల్ ఖువైర్‌లో కడుతున్న ఏడంతస్తుల ఆఫీసు భవనం సైట్‌లో క్రేన్‌కు సిగ్నల్ ఇస్తాడు. ఉండేది రూవీలో, ఎనిమిది మంది రూమ్‌లో. చెవి కింద గడ్డ రావడం ఇది రెండోసారి. మొదటిది 1990లో వచ్చింది. అప్పుడు పాత వీసా అయిపోయి ఇంటి దగ్గర ఉన్నాడు. పట్నంలో ఒక నర్సింగ్ హోంలో కోసి తీశారు. కొత్త వీసాకు బొంబాయిలో మెడికల్ జరిగినప్పుడు, ఇదివరకు ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అన్న ప్రశ్నకు ఏజెంట్ 'లేదు' అని నింపాడు. లింబాద్రి సంతకం పెట్టాడు.

సెప్టెంబర్‌లో ఈ ఆసుపత్రి డాక్టర్ ఖమరుద్దీన్ అతని చెవి వెనక మచ్చ మీద వేలు పెట్టి "వసమ్?" అని అడిగాడు. వసమ్ అంటే వాత. ఒమన్‌లో నొప్పి ఉన్నచోట, వాపు ఉన్నచోట ఇనుప కడ్డీ కాల్చి పెట్టడం పాత వైద్యం. రోజుకు పదిమంది ఒంటి మీద ఆ మచ్చలు చూసే డాక్టర్ అలాగే అడుగుతాడు. రూమ్‌లోనే ఉండి అదే సైట్‌లో పనిచేసే భీమన్న ముందే చెప్పి ఉంచాడు, అడిగితే వాత అనమని. పాత రోగం దాచి వచ్చాడని తెలిస్తే కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి పంపేస్తుంది. లింబాద్రి తల ఊపాడు. ఫైలులో 'వసమ్' అని రాశారు.

జుట్టు గీస్తున్నవాడి పేరు దస్తగిర్. కడప జిల్లా మనిషి. ఆపరేషన్ థియేటర్‌లో అటెండెంట్. ముందురోజు వచ్చి కోయబోయే చోట జుట్టు గీసి, మందు పూసి పోవడం అతని పని.

"తల ఆపక్క తిప్పు. ఇంగా. గోడ చూడు," అన్నాడు. "మీది యాడ?"

"కోరుట్ల భాయ్. కరీంనగర్ జిల్లా."

"శుక్రవారం రూవీకి పోతే మీ జిల్లా అంతా ఆడే ఉంటాదే. నువ్వొచ్చి రెండు దినాలాయె. ఒక్కడూ రాలేదేం నీ కాడికి?"

"డ్యూటీలు భాయ్."

"అందరికీ ఒకే పూట డ్యూటీనా?"

బ్లేడు చెవి వెనకకు వచ్చింది. ఆ పక్క జుట్టు అతను మూడేళ్లుగా పెంచుతున్నాడు. సబ్బు నురగతో పాటు అది తువ్వాలు మీద పడింది. బ్లేడు ఆగింది. దస్తగిర్ తడి గుడ్డతో ఆ చోటు తుడిచాడు. కిటికీ వైపు తలను ఇంకొంచెం తిప్పాడు.

"ఇదేంది?"

"వాత."

"ఎవరు పెట్టినారు?"

"మా ఊర్లె. చిన్నప్పుడు."

"చిన్నప్పుడా," అన్నాడు దస్తగిర్. బ్లేడును గిన్నెలో ముంచి ఆడించాడు. "పక్క మంచం చూడు."

పదిహేనో నంబరు మంచం మీద బర్కా నుంచి వచ్చిన ముసలాయన నిద్రపోతున్నాడు. ఖర్జూరం తోట ఉన్న మనిషి. మెడ మీద రెండు మచ్చలు కనిపిస్తున్నాయి.

"చూసినావా? నాణెం అచ్చేసినట్టు గుండ్రంగా, నున్నగా ఉండాయి. అది వాత. నీది గీత. చెవి కాన్నుంచి మెడ మీదికి దిగింది. గీతకు ఆపక్క ఐదు చుక్కలు, ఈపక్క ఐదు చుక్కలు. వాత పెట్టినోడు కుట్లు ఎందుకేసినాడబ్బీ?"

లింబాద్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. చెవి దగ్గర నురగ మెడ మీదికి కారింది.

"జెర మెల్లగ భాయ్."

"మెల్లగేంది? ఈ వార్డులో తెలుగు తెలిసినోళ్లం నువ్వూ నేనే. అరిచి చెప్పినా ఎవరికీ తెలవదు."

అది నిజం. రెండు రోజుల్లో లింబాద్రి మాట్లాడినవి లెక్కపెట్టగలిగినన్ని మాటలు. నర్సుకు 'ఎస్ సిస్టర్', 'నో సిస్టర్'. ముసలాయనకు 'సలాం'. అన్నం తెచ్చేవాడికి 'బస్'. ఇప్పుడు మాట్లాడటానికి మనిషి దొరికాడు. చెప్పాల్సిన మాట ఇది.

"మూడేండ్ల కింద కోసిండ్రు," అన్నాడు. "గప్పుడు రేగుపండంత ఉండె. అర్ధగంటల తీసేసిండ్రు. సాయంత్రం ఇంటికి పంపిండ్రు. ఏం గాలేదు. నోరు, కన్ను అన్ని మంచిగనే ఉన్నయ్. ఇప్పుడూ గట్లనే తీస్తరనుకున్న."

"డాక్టర్‌కు చెప్పినావా?"

"లేదు."

"ఫైల్లో ఏమని ఉంది?"

"వసమ్."

దస్తగిర్ చేతిలోని గుడ్డను గిన్నెలో వేశాడు. మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"థియేటర్‌లో నా డ్యూటీ ఏందో తెల్సా నీకు? ఈ ఆపరేషన్‌కు మొగం మీద గుడ్డ కప్పరు. కన్నూ నోరూ కనపడేట్టు పెడతారు. డాక్టర్ లోపల ఒక పోగు పట్టుకుని మెల్లగా తాకిస్తాడు. అది నరమైతే మొగంలో యాడో ఒక చోట కదులుతాది. ఆయన చూపు కత్తి మీద ఉంటాది. మొగం చూసేది నేను. కదిలితే 'కదిలింది సార్' అని చెప్పల్ల. నా డ్యూటీ అంతే."

"అయితె?"

"పోయిన యాడాది ఒకాయన వచ్చినాడు. నీ మాదిరే. ముందు కోసిన సంగతి దాచినాడు. డాక్టర్ వేరే ఆయన, ఇప్పుడు ఈడ లేడు. చెవి కింద తెరిచినాడు. అంతా గట్టిగా అతుక్కుపోయి ఉంది. 'దస్తగిర్, కదిలిందా?' అన్నాడు. లేదు సార్ అంటి. మళ్లా అడిగినాడు. లేదు సార్ అంటి. నాలుగు సార్లు అడిగినాడబ్బీ. నాలుగోసారి ఆయన నా మొగం చూసినాడు. నరం అప్పటికే తెగిపోయింది. ఆ మనిషికి ఒక కన్ను మూతపడదు. ఒకపక్క నోట్లో నీళ్లు నిలవవు. నీకు ఎక్కువ కాకున్నా అంత అయితాది."

లింబాద్రి నీళ్ల గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు.

"చెప్తె వాపస్ పంపుతరు భాయ్."

"పంపుతారేమో."

"బొంబాయిల పద్నాలుగు నెలలు పడిగాపులు పడితె దొరికింది ఈ వీసా. ఇంటికి పోతె ఏమున్నది? మా నవీనకు గీ గడ్డ మల్ల లేచిన ముచ్చటే చెప్పలె. ఇంటికి పంపిన క్యాసెట్‌ల మంచిగున్న అనే చెప్పిన."

"అది నేను చెప్పేది గాదు. నీ క్యాసెట్టు, నీ పెండ్లాం."

"నువ్వు చూడనట్టు ఉండు భాయ్. నీ కాళ్లు మొక్కుత."

"మొక్కేది మీ దేవునికి మొక్కు. రేపు ఆ మంచం కాడ నిలబడి నీ మొగం చూడల్సినోన్ని నేను. చూడనట్టు ఎట్లుంటా?" దస్తగిర్ లేచాడు. "తల తిప్పు. సగంలో ఉంది."

మిగిలిన జుట్టు గీయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. దస్తగిర్ మందు పూసి, తువ్వాలు మడిచి, గిన్నె తీసుకున్నాడు.

"అసర్ నమాజుకు పోతాండా. డాక్టర్ రౌండ్ ఐదున్నరకు. నేనూ వస్తా. నువ్వు చెప్తే నువ్వు చెప్పినట్టు. నువ్వు చెప్పకుంటే నేను చెప్పినట్టు. ఏదో ఒకటి నువ్వే అనుకో."

నాలుగింటికి వార్డు తలుపులు తెరిచారు. ముసలాయన కొడుకులు ముగ్గురు, ఇద్దరు మనవలు, అల్లుడు వచ్చారు. ఫ్లాస్క్‌లో అరబ్బు కాఫీ కహ్వా, పళ్లెంలో ఖర్జూరాలు తెచ్చారు. తండ్రిని దిండుకు ఆనించి కూర్చోబెట్టారు. అందరూ ఒకేసారి మాట్లాడారు. పెద్ద కొడుకు లింబాద్రి మంచం వైపు చూశాడు. పక్కన ఎవరూ లేరు. చిన్న కప్పులో కహ్వా పోసి, రెండు ఖర్జూరాలు పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఏదో అడిగాడు. లింబాద్రికి అర్థం కాలేదు. "షుక్రన్" అన్నాడు. అతను ఇంకోసారి అడిగి, చేయి గుండె మీద పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఐదింటికి అందరినీ పంపేశారు. లింబాద్రి చెవి వెనక చేయి పెట్టి తడిమాడు. మూడేళ్ల తర్వాత ఆ చోట వేలికి చర్మం తగిలింది. చుక్కలు కూడా తగిలాయి.

ఐదూ ముప్పై ఐదుకు డాక్టర్ ఖమరుద్దీన్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి. ఒమన్‌లో తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. వెనక సిస్టర్, ఆమె వెనక దస్తగిర్.

"క్యా మియా, భయమైతుందా?" అన్నాడు డాక్టర్.

"సాబ్, గది వాత గాదు."

డాక్టర్ ఫైలు తెరుస్తూ ఆగాడు.

"ఏది వాత కాదు?"

"చెవెనక మచ్చ. తొంభైల కోసిండ్రు. గీ గడ్డనే. నేను అబద్ధం చెప్పిన."

డాక్టర్ దగ్గరికి వచ్చి చెవిని ముందుకు మడిచాడు. గీత పొడవునా వేలు నడిపాడు. సిస్టర్‌ను టార్చ్ అడిగాడు. చూశాక టార్చ్ ఆర్పాడు.

"స్కాన్‌ల మూడు గడ్డలు కనవడ్డయ్," అన్నాడు. "మొదటిసారి వచ్చేటిది ఒక్కటే ఉంటది. కోసినప్పుడు సంచి పగిలి, మిగిలిన ముక్కలు మళ్ల పెరిగితేనే ఇట్ల మూడు, నాలుగు అయితయ్. నాకు అక్కడనే అనుమానం రావాలె. తొమ్మిదేండ్ల సంది వసమ్ చూసి చూసి నా కండ్లకు అదే కనవడ్డది. నువ్వు తల ఊపినవ్. నేను రాసుకున్న. ఇద్దరం కలిసి చేసిన పని ఇది."

దస్తగిర్ స్టూలు ముందుకు జరిపాడు. డాక్టర్ కూర్చున్నాడు. తన ఎడమ అరచేయిని తన ఎడమ చెంప మీద ఆనించుకున్నాడు. మణికట్టు చెవి కింద ఉంది. ఐదు వేళ్లు విప్పి ముఖం మీద పరిచాడు.

"మొఖం నరం ఇట్లుంటది. మొదలు మణికట్టు. చెవి కింద ఎముకలకెళ్లి బయటికొస్తది. సేమ్యా పోగంత లావు. అక్కడికెల్లి ఐదు కొమ్మలు. బొటనవేలు నుదురుకు. చూపుడువేలు కంటికి. నడిమివేలు చెంపకు, పై పెదవికి. ఉంగరంవేలు కింది పెదవికి. చిటికెనవేలు మెడకు. ఈ చెయ్యి మీదికెల్లి, వేళ్ల సందులల్ల, రొట్టె పిండి పూసినట్టు గ్లాండ్ ఉంటది. నోట్ల ఉమ్మి తయారుజేసే గ్లాండ్. గడ్డలు దాంట్ల ఉన్నయ్. చెయ్యికి దెబ్బ తగలకుంట పిండి తీయాలె. సమజైందా?"

"అయింది సాబ్."

"రేపు పొద్దుగాల నేను మణికట్టు కాడ మొదలువెట్టేది. మామూలుగ అట్లనే చేస్త. అక్కడ ఒక ఎముక, ఒక కండ గుర్తులుంటయ్. వాటి నడుమ నరం దొరుకుతది. దాని మీదికెల్లి వేళ్ల దాక వచ్చుడే. కానీ నీ మణికట్టు ఉన్నకాడనే ఒకడు కోసి కుట్టిండు. ఇప్పుడు అక్కడ నరం, కండ, మచ్చ అన్నీ ఒక్కటే రంగు. ఒక్కటే గట్టి. ఏది తెగుతుందో తెగినంకనే తెలుస్తది."

"మరెట్ల సాబ్?"

"వెనక్కి పోవాలె. ఎవడూ ముట్టని చోట, ఒక వేలి కొస పట్టుకోవాలె. దాన్ని ఇడవకుంట మెల్లగ మణికట్టు దాక పోవాలె. అక్కడికెల్లి మిగిలిన వేళ్లకు రావాలె. టైం రెండింతలు పడతది."

లింబాద్రి కాసేపు ఆ చేతిని చూశాడు.

"సైట్ల గట్లనే చేస్తం సాబ్," అన్నాడు. "పాత కరెంటు కేబుల్ ఉంటది. మెయిన్ కాడ ఎవడో కాంక్రీట్ పోసిపోతడు. ఆడ జేసీబీ పెట్టనియ్యరు. దీపం స్తంభం కాడికెల్లి చేతులతోని తవ్వుకుంట పోతం."

"అదే. అంతే." డాక్టర్ ఫైలు చూశాడు. "ఇక్కడ లేబర్ అని రాసి ఉంది. నువ్వు చేసే పని ఏంది?"

"క్రేన్ సిగ్నల్ సాబ్. ఆపరేటర్ పంజాబాయన పైన క్యాబిన్ల ఉంటడు. బరువు ఎక్కడున్నదో ఆయనకు కనవడది. నేను కింద నిలవడి చెప్త. రెండు చేతులు సైగకు. నోట్ల ఈల. ఒకటి ఊదితె ఆగుడు, రెండు ఊదితె ఎత్తుడు, మూడు ఊదితె దించుడు."

"ఈల చేత్తో పట్టుకోవా?"

"చేతులు ఖాళీ ఉండయ్ సాబ్. పొద్దందాక పెదువుల నడుమనే ఉంటది."

డాక్టర్ కలం మూత పెట్టాడు. తీశాడు.

"చూడు. ఏ వేలు కొస పట్టుకుంటమో ఆ వేలికి దెబ్బ తగిలే భయం ఎక్కువ. నేను ఎక్కువగ నడిమివేలు పడత, చెంపది. దానికి పక్క కొమ్మలతోని కలిసే పోగులుంటయ్. కొంచెం దెబ్బ తగిలినా పక్కది ఆ పని చేసుకుంటది. కానీ కొన్ని నెలలైనా బుగ్గ పట్టు దప్పుతది. గాలి నిలవది. ఈల ఊదలేవు. ఉంగరంవేలు పట్టుకుంటె ఈలకు ఏం కాదు. దవడ అంచు మీద, రక్తనాళం దాటే కాడ దొరుకుతది. కానీ దానికి తోడు లేదు. దెబ్బ తగిలితె మళ్ల రాకపోవచ్చు."

"అది పోతె ఏమైతది సాబ్?"

"నవ్వినప్పుడు కింది పెదవి ఎడమపక్క దిగది. నవ్వు వంకరైతది."

"ఉంగరంవేలు పట్టుండ్రి సాబ్."

"రాత్రంతా ఉంది. ఆలోచించు."

"ఆలోచించేదేమున్నది సాబ్. ఈడ ఎవ్వలతోని నవ్వుత?"

"ఇంటికి పోవా?"

"రెండేండ్లకు ఒక్క నెల."

దస్తగిర్ కిటికీ వైపు చూస్తున్నాడు. డాక్టర్ ఫైలులో 'వసమ్' అన్న మాట మీద అడ్డగీత కొట్టాడు. కింద నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాడు. తేదీ, టైం వేశాడు.

"రేపు నాకు ఇంకో రెండు కేసులున్నయ్. ఇది బుధవారం చేస్త. ఆ రోజు నీది ఒక్కటే. కంపెనీ వాళ్లు ఫైలు అడిగితే మా ఆసుపత్రి ఆఫీసోళ్లు ఇస్తరు, నేను ఆపలేను. రాసింది మళ్ల కొట్టెయ్యను. నీకు ఇంటికి పోయి చేయించుకోవాలనుంటే ఇప్పుడే చెప్పు. హైదరాబాద్‌ల చేసేటోళ్లున్నరు."

"ఈడనే సాబ్."

సిస్టర్ ఒప్పుకోలు కాగితం తెచ్చింది. లింబాద్రి సంతకం కింద దగ్గరి బంధువు సంతకానికి ఒక గీత ఉంది. అక్కడ ఎవరు పెడతారని సిస్టర్ అడిగింది. లింబాద్రి చేతులు చూసుకున్నాడు. దస్తగిర్ కాగితం తీసుకుని మంచం అంచు మీద పెట్టి సంతకం చేశాడు. రోగికి ఏమవుతారు అన్న గడిలో 'ఇండియన్' అని రాశాడు. సిస్టర్ చదివింది. మార్చమనలేదు.

మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి భీమన్న వచ్చాడు. సైట్ బట్టలతోనే వచ్చాడు. మెడలో ఈల ఉంది. లింబాద్రి చూపు దాని మీద పడింది. భీమన్న దాన్ని చొక్కా లోపలికి వేసుకున్నాడు.

"ఫోర్‌మన్ ఇచ్చిండు. నువ్వొచ్చేదాక," అన్నాడు. "నీయవ్వ, గిదెట్ల పట్టుకుంటవురా నోట్ల పొద్దందాక? సైగ చెయ్యబోతె ఈల జారుతది, ఈల పట్టుకుంటె ఊపిరాడది. నిన్న రెండు ఊదేకాడ మూడు ఊదిన. పంజాబాయన పైకెల్లి తిట్టిన తిట్లు కింద దాక వినవడ్డయ్."

లింబాద్రి నవ్వాడు. నవ్వి, కింది పెదవి మీద వేలు పెట్టుకున్నాడు.

"వాత అని చెప్పుమన్న గదరా," అన్నాడు భీమన్న.

"చెప్పిన. కుట్లు కనవడ్డయ్."

"కంపెనీ ఆఫీసోడు మజ్జానం ఫోన్ చేసిండు. ఫైలు చూసిండట. మెడికల్ కాయితం మీద అబద్ధం రాసిండని గరం గరం అయితుండు. ఫోర్‌మన్ నీ దిక్కు మాట్లాడిండు. సిగ్నల్ మనిషి గిట్ల దొరకడు, పనికొస్తె ఉంచుదమన్నడు. సైట్ల నిన్ను నిలవెట్టి చూస్తరట. ఈల పట్టగలిగితె ఉంటవ్. లేకుంటె టికెట్."

"ఎన్నడు?"

"డిశ్చార్జ్ అయినంక పది దినాలకు. ఇరవై ఏడు తారీఖు, శనివారం." భీమన్న సంచిలోంచి రెండు అరటిపళ్లు, ఒక ఖాళీ క్యాసెట్ తీసి దిండు పక్క పెట్టాడు. "నీ టేప్‌రికార్డర్ రూమ్‌లనే ఉన్నది. తెద్దామనుకున్న, బస్సుల మోసుడు కాలె. నవీనకు ఏమన్న చెప్పాల్నా?"

"ఏం చెప్పకు."

భీమన్న నాలుగున్నరకు వెళ్లాడు. ఆరింటికి సైట్‌లో కాంక్రీట్ పోసే పని ఉంది.

బుధవారం ఉదయం ఎనిమిదీ పదికి లింబాద్రిని థియేటర్‌లోకి తీసుకెళ్లారు. పైన దీపం ఇంకా వెలిగించలేదు. మత్తు డాక్టర్‌తో ఖమరుద్దీన్ ఇంగ్లిష్, హిందీ కలిపి మాట్లాడాడు. కండరాలు పడుకోబెట్టే మందు వద్దు, ముఖం కదలాలి అన్నది మాత్రం లింబాద్రికి తెలిసింది. దస్తగిర్ తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నోటికి గుడ్డ కట్టుకున్నాడు. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"భాయ్, ఆడనే కూసుంటవా?"

"ఈడనే. నీ మొగమే చూస్తా ఉంటా. అంత అందంగా ఏం లేవు గానీ, డ్యూటీ గదా."

డాక్టర్ పెన్సిల్‌తో లింబాద్రి దవడ అంచు మీద ఒక చుక్క పెట్టాడు. చేతికి సూది గుచ్చారు. లింబాద్రిని లెక్కపెట్టమన్నారు. ఏడు వరకు తెలుగులో లెక్కపెట్టాడు.

మెలకువ వచ్చేసరికి గోడ గడియారం మూడూ ఐదు చూపిస్తోంది. ముఖం చుట్టూ కట్టు ఉంది. మెడ నుంచి ఒక గొట్టం బయటికి వచ్చి సీసాలోకి దిగింది. గొంతు ఎండిపోయింది. దస్తగిర్ దూదితో పెదవులు తడిపాడు.

"ఆరు గంటలు," అన్నాడు. "మూడూ తీసినారు."

"కదిలిందా భాయ్?"

"ఉంగరంవేలు దొరకబట్టడానికే గంటన్నర. నీళ్లలో ఎంట్రుక ఎతికినట్టు. దొరికినప్పుడు పెదవి టక్కుమని కదిలింది. నేను అరిస్తే సిస్టర్ తిట్టింది. దాన్ని పట్టుకుని ఎనక్కి పోయినారు. చెంప కదిలింది. నుదురు కదిలింది."

"మల్ల?"

"మాట్లాడొద్దు. కుట్లు లాగుతాయి." దస్తగిర్ దూదిని పళ్లెంలో వేశాడు. "డాక్టర్ వస్తాడు. ఆయన చెప్తాడు."

డాక్టర్ నాలుగూ పదహారుకు వచ్చాడు. టోపీ గుర్తు ఇంకా నుదుటి మీద ఉంది. ఫైలు మంచం మీద తెరిచి పెట్టాడు. ఐదు మాటలు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి.

"నుదురు పైకెత్తు."

లింబాద్రి ఎత్తాడు. డాక్టర్ టిక్కు పెట్టాడు.

"పళ్లు చూపియ్."

చూపించాడు. డాక్టర్ కింది పెదవిని ఎడమపక్క వేలితో తాకి, "కొంచెం దిగుతుంది," అన్నాడు. "నేననుకున్నదాని కంటె నయం." పక్కన చిన్న గీత పెట్టాడు. మెడ చూసి ఇంకో టిక్కు పెట్టాడు.

"బుగ్గలు ఉబ్బియ్. నోరు మూసి."

లింబాద్రి గాలి పట్టాడు. డాక్టర్ రెండు వేళ్లతో రెండు బుగ్గలు నొక్కాడు. గాలి పోలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాడు. పోలేదు.

"ఈల ఉంది మియా," అన్నాడు. టిక్కు పెట్టాడు.

దస్తగిర్ మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ముందుకు రాలేదు. లింబాద్రి అతని వైపు చూశాడు. అతను డాక్టర్‌ను చూస్తున్నాడు.

"ఇప్పుడు రెండు కండ్లు మూసుకో," అన్నాడు డాక్టర్. "గట్టిగ."

లింబాద్రి మూసుకున్నాడు.

"మూసుకున్నవా?"

"మూసుకున్న సాబ్."

కుడివైపు చీకటి. ఎడమ కంటికి ఫైలు మీద ఆగిన డాక్టర్ చేయి, ఆ చేతికి ఉన్న గడియారం కనిపిస్తున్నాయి. టైం నాలుగూ ఇరవై.